ఏడో పేజీ

లైసెన్సు పుస్తకం ఏడో పేజీలో సీలు ఉంది, సీలు పక్కన ఉండాల్సిన రాత లేదు.

శోభనాద్రి పుస్తకం మూసి మళ్ళీ తెరిచాడు. రెండు పేజీలు అంటుకుపోయాయేమోనని వేలితో విడదీసి చూశాడు. లేదు. ఆరు తర్వాత ఏడు, ఏడు తర్వాత ఎనిమిది. మూలన అచ్చు అంకె స్పష్టంగా ఉంది. గుండ్రటి ఊదారంగు సీలు ఉన్నచోటే ఉంది. దాని పక్కన నల్లగా ఉండే మూడు వరుసల ఇంగ్లీషు రాత, కింద ఆఫీసరు సంతకం, రెండూ పోయాయి. చించలేదు. గీకలేదు. ఎవరూ ఎన్నడూ కలం పెట్టనట్టు కాగితం తెల్లగా ఉంది.

గుడివాడలో గోవర్ధనరావు గారి లారీ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడతను. పందొమ్మిది వందల అరవై ఒకటి, జూన్ నెల, సోమవారం ఉదయం. ఎదురుగా కొత్త లారీ. ముందు అద్దానికి పసుపు, కుంకుమ ఇంకా ఆరలేదు. నిన్నటిదాకా అది అతను నడపబోయే లారీ.

"ఏమయ్యా, పుస్తకం ఇటియ్యి," లోపలినుంచి గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు. "నంబరు రాసుకుని, ఏడో పేజీ చూస్తే నా పని అయిపోద్ది."

ఏడో పేజీలో ఉండేది ఒక్కటే సంగతి. ఈ పుస్తకం గలవాడు జీతానికి లారీ నడపవచ్చు అని. ఆ రాత లేకపోతే శోభనాద్రి కారు నడుపుకోవచ్చు. కారంటూ ఉంటే.

పుస్తకం జేబులోకి జారింది.

"ఇంటి దగ్గర మర్చిపోయానండీ."

గుమాస్తా ఇప్పుడు తలెత్తాడు. "పెళ్ళికొచ్చి తాళిబొట్టు మర్చిపోయానన్నట్టుంది నీ వాలకం. రేపు పొద్దున ఆరింటికి విత్తనాల బస్తాలు నాగాయలంక వెళ్ళాలి. అయ్యగారు నీ పేరే అన్నారు కాబట్టి ఆగుతున్నా. ఆరింటికి పుస్తకం నా బల్ల మీద లేకపోతే బండి ఇంకోడు తీస్తాడు."

"ఇంకోడంటే ఎవరండీ?"

"బసవపున్నయ్య. వారం నుంచీ నా చుట్టూనే తిరుగుతున్నాడు."

శోభనాద్రి లేచి నిలబడ్డాడు. ఆ పేరు వినగానే అతని బుర్రలో ఒక లెక్క టక్కున తేలిపోయింది. తప్పు లెక్క అని అప్పటికి తెలియదు.

*

నిజానికి అతని పుస్తకంలో భయపడాల్సిన పేజీ ఏడోది కాదు, పదకొండోది.

అయిదేళ్ళ క్రితం అవనిగడ్డ రోడ్డు మీద, నిద్ర లేకుండా రెండు రోజులు నడిపిన లారీతో ఒక ఎడ్లబండిని గుద్దాడు. ఎడ్లు బతికాయి. తోలుతున్న మనిషి చనిపోయాడు. కోడూరు మనిషి. తప్పెవరిదని మేజిస్ట్రేటు అడిగితే శోభనాద్రి తనదేనన్నాడు. ఏడాదిన్నర రాజమండ్రి జైలు. నాలుగేళ్ళ పాటు బండి ముట్టుకోకూడదు. ఈ సంగతంతా కోర్టు గుమాస్తా లైసెన్సు పదకొండో పేజీలో రాశాడు. ఏడో పేజీలో ఉన్నటువంటి నల్ల సిరాయే. ఊదారంగు సీలు. ఇంగ్లీషు రానివాడికి రెండు పేజీలూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి.

జైలునుంచి వచ్చాక పెడనలో మేనమామ బుచ్చిరాజు దగ్గర చేరాడు. ఆయనే పిల్లనిచ్చిన మామ కూడా. కలంకారీ అద్దకం ఆయన పని. రెండేళ్ళకు పైగా శోభనాద్రి అక్కడ గుడ్డలు ఉడకబెట్టాడు, కాలవలో జాడించాడు, ఎండేశాడు. ఏప్రిల్లో గడువు తీరింది. పుస్తకం చేతికొచ్చింది. పని వెతకడం మొదలుపెట్టాడు.

బందరులో ఒక లారీ యజమాని పదకొండో పేజీ చూసి, పుస్తకం మూసి, టీ తెప్పించి ఇచ్చాడు. "మాకు డ్రైవరున్నాడయ్యా," అన్నాడు. డ్రైవరు లేక పది రోజులుగా కదలని లారీ నీడలోనే ఇద్దరూ టీ తాగారు. పామర్రులో ఇంకొకాయన సూటిగానే చెప్పాడు: "నాకేం అభ్యంతరం లేదు నాయనా. మా ఆవిడే ఒప్పుకోదు. మనిషిని చంపిన చెయ్యి మన బండి మీద ఎందుకంటది." మూడో ఆయన చదివి బిగ్గరగా నవ్వి, పక్కవాళ్ళకు కూడా చదివి వినిపించాడు. అలా తొమ్మిది గుమ్మాలు.

పదో గుమ్మం గోవర్ధనరావు గారిది. మొన్న శుక్రవారం ఆయన పదకొండో పేజీ తనంతట తానే తీసి, కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"చచ్చిపోయినవాడి పేరు కూడా ఉందిక్కడ," అన్నారు.

"ఉందండీ."

"మన బండి వారానికి నాలుగుసార్లు ఆ రోడ్డు మీదే వెళ్ళాలి. నడపగలవా?"

"నడుపుతానండీ."

"నిద్రొస్తే?"

"ఆపేస్తానండీ. ఎవరేమన్నా ఆపేస్తాను."

ఆయన పుస్తకం మూసి తిరిగిచ్చారు. "ఆ మాట నా దగ్గరున్న డ్రైవర్లెవరూ అనరు. సోమవారం వచ్చి గుమాస్తాకి పుస్తకం చూపించు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి శోభనాద్రి చెప్పింది రెండే మాటలు. పని దొరికింది. సోమవారం పుస్తకం చూపించాలి. ఆయన పదకొండో పేజీ చదివిన తర్వాతే పని ఇచ్చారన్న సంగతి చెప్పలేదు. ఆ పేజీ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అతను అసలే ఎత్తడు.

*

పామర్రు సెంటర్లో బస్సు దిగేసరికి పదకొండు దాటింది. బసవపున్నయ్య టీ కొట్టు ముందు లారీ బానెట్టు ఎత్తి, నోట్లో బీడీతో ఇంజనులోకి వంగి ఉన్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే యజమాని దగ్గర పనిచేశారు. శనివారం శోభనాద్రి పుస్తకం అడిగి తీసుకున్నది ఇతనే. ఇది తప్పితే ఇంకో బండి ఉండాలిగా అంటూ, తనకు తెలిసిన లారీ బ్రోకరుకి చూపిస్తానని పట్టుకెళ్ళి, ఒక పూట ఉంచుకుని, సాయంత్రం తిరిగిచ్చాడు. అదే లారీ కోసం తనూ తిరుగుతున్నాడన్న మాట మాత్రం దాచాడు.

"బావా, కొత్త బండి ఎప్పుడెక్కుతున్నావు?" అన్నాడు నవ్వుతూ.

శోభనాద్రి ఒక చేత్తో అతని చొక్కా పట్టుకున్నాడు. రెండో చేతిలో అప్పటికే స్టార్టింగు హ్యాండిలు ఉంది. అది ఎప్పుడు చేతిలోకి వచ్చిందో అతనికే తెలియదు.

"ఏడో పేజీ ఏం చేశావు?"

టీ కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది. బసవపున్నయ్య బీడీ తీసి పారేశాడు. మనిషి వణికాడు గానీ నోరు వణకలేదు.

"కొట్టు బావా. పదకొండో పేజీ నిండింది. పన్నెండోది ఖాళీగానే ఉందిగా."

ఆ మాట పనిచేసింది. హ్యాండిలు కిందికి దిగింది. శోభనాద్రి పుస్తకం తీసి ముందు పెట్టాడు. బసవపున్నయ్య నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని, తెరిచి చూసి, నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటి? సీలు ఉంచి సంతకం తినేసిందేంటి? చెదలు కూడా ఇంత తెలివిగా తినదే."

"శనివారం నీ దగ్గరుంది."

"ఉంది. శనివారం నీ చేతికిచ్చేటప్పుడు ఏడో పేజీ తీసి చూసుకున్నావు, నా ముందే. గుర్తు లేదా? ప్రతిసారీ చూసుకుంటావుగా, పెట్టెలో బంగారం చూసుకున్నట్టు."

గుర్తొచ్చింది. చూసుకున్నాడు. రాత ఉంది.

"బండి కోసం తిరిగిన మాట నిజమే," అన్నాడు బసవపున్నయ్య చొక్కా సర్దుకుంటూ. "చెప్పకపోవడం తప్పే. ఇద్దరు పిల్లలు, ఈ డొక్కు బండి. కానీ నిన్ను దెబ్బ కొట్టాలంటే ఇంత పనితనం దేనికి బావా? నాకు చేతకావాలిగా. బందరు పో. లైసెన్సుల ఆఫీసు ఎదురుగా అర్జీలు రాసే కనకరత్నం గారుంటారు. కాగితం ముఖం చూసి జాతకం చెప్తారు."

శోభనాద్రి రెండడుగులు వేశాక వెనకనుంచి మళ్ళీ గొంతు వినపడింది.

"బావా, రేపు ఆరింటికి నువ్వు రాకపోతే మాత్రం నేనెక్కుతా. తర్వాత తిట్టుకోకు."

*

కనకరత్నం గారు నల్ల గొడుగు కింద రేకుపెట్టె ముందేసుకుని కూర్చున్నారు. పుస్తకం తీసుకుని పేజీని ఎండకు అడ్డంగా పట్టి చూశారు. వేలితో నిమిరారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆఖరికి నాలుక చివర తాకించి పక్కకు ఉమ్మేశారు.

"కడిగారు," అన్నారు.

"సబ్బుతోనాండీ?"

"సబ్బు పెడితే నీకు పుస్తకం మిగలదు, ముద్ద మిగులుద్ది. పులుపుతో కడిగారు. నిమ్మరసం." ఆయన గొడుగు సర్దుకున్నారు. "ఆఫీసు సిరాలో అన్నభేది ఉంటుందయ్యా. అంటే ఇనుమే. మా తాత కరక్కాయలు నానేసి, అందులో అన్నభేది కలిపి సిరా కాచేవాడు. ఇప్పుడు సీసాల్లో వస్తోంది గానీ సరుకు అదే. పులుపు తగిలితే ఆ నలుపు కరిగిపోద్ది. సీలుది నూనె రంగు, దాన్ని నిమ్మకాయ ఏం చెయ్యలేదు. అందుకే సీలు మిగిలింది, రాత పోయింది."

శోభనాద్రి వంగి సీలు వంక చూశాడు.

"చేసినవాడు పనివాడు," అన్నారాయన, కొంచెం మెచ్చుకోలుగానే. "ఒక్క పోగు లేవలేదు. నలభై ఏళ్ళుగా కాగితాలతో బతుకుతున్నా, ఇంత శుభ్రంగా నావల్ల కాదు. సరే, ఈ పేజీ అంచేంటి ఇంత మురికిగా ఉంది? పుస్తకం తెరిస్తే దానంతటదే ఇక్కడికే తెరుచుకుంటోంది."

"నా వేలేనండీ. రోజూ చూసుకునేవాణ్ణి."

"ఎందుకు?"

"ఇంకా ఉందో లేదోనని."

కనకరత్నం గారు కళ్ళజోడు తీశారు. ఆయన గొంతు మారింది. "చూడు నాయనా. పుస్తకం పోయిందని రాసిస్తే పోలీసు రిపోర్టు అడుగుతారు. నీ పదకొండో పేజీ వాళ్ళ రిజిస్టర్లోనూ ఉంటుంది కాబట్టి నీ విషయంలో తీరిగ్గా అడుగుతారు. ఆరు నెలలు. ఇదే పుస్తకం పట్టుకుని లోపలికెళితే, రాత ఎవరు కడిగారంటారు. పేరు చెప్పకపోతే నువ్వేనంటారు. ప్రభుత్వ కాగితం దిద్దితే మళ్ళీ జైలే."

"పేరు చెబితేనండీ?"

"చెబితే సరిపోదు. వాళ్ళే ఒప్పుకోవాలి. వాళ్ళ మాటల్లోనే రాయించి, సంతకమో వేలిముద్రో వేయించి పట్టుకురా. అప్పుడు రిజిస్టరు చూసి ఏడో పేజీ మళ్ళీ రాయిస్తారు. రేపు ఆరింటికి మాత్రం కాదు. ఆ లారీ మీద ఆశ వదులుకో. ఇంకో లారీ ఎక్కే దారి మాత్రం ఉంటుంది. కేసు వాళ్ళ మీద పడుద్ది."

శోభనాద్రి ఇంకా కదలకుండా ఉండటం చూసి ఆయనే అన్నారు. "మూడో దారి గురించి అడగబోతున్నావు. ఆ మూడు వరుసలు నేను రాయగలను. ఆ ఆఫీసరు సంతకం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. పెట్టను. వెళ్ళు."

పెట్టెలోంచి తెల్లకాగితం ఒకటి తీసి మడిచి అతని చేతిలో పెట్టారు.

*

బందరు నుంచి పెడన దగ్గరే. ఆ కాస్త దూరం శోభనాద్రి బస్సెక్కలేదు, కాలినడకన వెళ్ళాడు.

కరక్కాయ అనగానే అతనికి మామ అద్దకం పాక గుర్తొచ్చింది. అద్దకంలో మొదటి పని అదే. గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఎండేస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి కుండలో పులియబెట్టిన నీళ్ళు కొయ్య అచ్చుకు అద్ది దాని మీద వేస్తే నలుపు దిగుతుంది. అచ్చులోంచి ఒక బొట్టు జారి తెల్లచోట పడితే గుడ్డ పాడైనట్టే. అప్పుడు నిమ్మచెక్కతో అద్దుతారు. మెల్లగా, పోగు లేవకుండా. తర్వాత చన్నీళ్ళు. ఎంత పెద్ద మచ్చయినా పోతుంది. ఆ పని రెండేళ్ళు తనే దగ్గరుండి చూశాడు. పెడనలో అది తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అతని ఇంట్లో మాత్రం ఒక్కరే.

పుస్తకం శనివారం సాయంత్రం దాకా బాగుంది. ఆదివారం పొద్దున పుస్తకమున్న చొక్కా వంకీకి తగిలించి, ఇంకో చొక్కా వేసుకుని బందరు వెళ్ళి క్షవరం చేయించుకొచ్చాడు. కొత్త పనిలోకి మాసిన తలతో వెళ్ళకూడదని. ఆ సాయంత్రం మొదటిసారి ఏడో పేజీ తీసి చూడలేదు. పని దొరికింది కదా, ఇక దేనికని.

అద్దకం పాకలోంచి అచ్చు చప్పుడు వినపడుతోంది. దబ్, ఆగి, దబ్. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న భార్య సీతామహాలక్ష్మి చేట పక్కన పెట్టింది.

"ఏంటి బావా, అప్పుడే వచ్చావు? బండి ఇవ్వలా?"

"ఇస్తారు. మావయ్య ఏడి?"

"లోపలున్నాడు. పొద్దున్నించీ హుషారుగా ఉన్నాడు. మూడుసార్లు అడిగాడు నువ్వొచ్చావా అని."

పాకలో పొడవాటి బల్ల. బల్ల మీద సగం అద్దిన దుప్పటి. నలుపు కుండ పక్కన మట్టిమూకుడులో పిండేసిన నిమ్మచెక్కలు. ఆ మూకుడు అక్కడ ఎప్పుడూ ఉండేదే. బుచ్చిరాజు వంగి అచ్చు వేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా దిగిన నలుపు ఏ సబ్బుకీ వదలదు. అక్షరం ముక్క రాదు. బస్సు ఎటు వెళ్తుందో కూడా పక్కవాణ్ణి అడిగే ఎక్కుతాడు.

అల్లుణ్ణి చూసి అచ్చు పక్కన పెట్టాడు. మొహం వెలిగింది.

శోభనాద్రి పుస్తకం ఏడో పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు. తెల్లకాగితం జేబులో మడత మీద మడతగా ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. తియ్యలేదు.

"మావయ్యా," అన్నాడు. "ఇది..."

ఇంకేమీ అడగలేకపోయాడు. అడగక్కర్లేకపోయింది. వెనకాల సీత గుమ్మం పట్టుకుని నిలబడింది. బుచ్చిరాజు పేజీ వంక చూసి, తన చేతిపని చూసుకునే మనిషిలా తల పంకించి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నేనే, అల్లుడూ. ఎవర్నీ అనుమానించబాక. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చేసింది నేనే. శుక్రవారం నువ్వొచ్చి పని దొరికిందన్నావు. సోమవారం పుస్తకం చూపించాలన్నావు. చూపించాలన్నప్పుడు జేబు తడుముకున్నావు. నాకర్థమైంది. తొమ్మిది చోట్ల చూపించావు, తొమ్మిది చోట్లా పొమ్మన్నారు. పదో చోట కూడా పొమ్మంటే ఈ పిల్లాడు మనకి దక్కడనుకున్నా. నిన్న నువ్వు బందరెళ్ళావు, సీత కాలవకెళ్ళింది. చొక్కాలోంచి తీశా. నిమ్మచెక్కతో అద్దా, రుద్దలా. రుద్దితే పోగు లేస్తది. నలుపు వదిలాక కొంచెం నీలం మిగిలింది, దానికి చన్నీళ్ళు, మళ్ళీ నిమ్మకాయ. నీడలో ఆరేసి, ముడత పడకుండా మీద అచ్చు పెట్టా. గుడ్డ మీద యాభై ఏళ్ళు చేశా గానీ కాగితం మీద ఇదే మొదలు. సీలు లొంగలా. పోనీలే, సీలు నోరు విప్పి ఏం చెప్పుద్ది. తప్పని తెలుసు. ఎవరన్నా పట్టుకుంటే నా పేరు చెప్పు, వేలిముద్ర వేస్తా. నేరం చేసినోడికి వేసిన జైలు నేరం చెరిపినోడికి కూడా వేస్తారేమో, వెయ్యనీ, నా వయసుకి ఎంతకాలం ఉంచుతారు. ఏ రాత ఏదో నాకు తెలవదు. రెండు చోట్ల సీళ్ళున్నాయి, రెండూ ఒకటే తీరు. ఎవర్నన్నా అడిగితే బయటపడుద్ది. అప్పుడు నిన్ను తల్చుకున్నా. రోజూ సాయంత్రం గడప మీద కూర్చుని పుస్తకం తీస్తావు. ఒక్క పేజీ దగ్గరే ఆగుతావు. అంచు మీద బొటనవేలు పెట్టి చూస్తావు, చూస్తావు, కళ్ళు తుడుచుకుని మూసేస్తావు. నిన్ను తినేస్తున్న పేజీ అదేనని నాకు చెప్పాలా ఎవరన్నా? అంచు మురికి పట్టి ఉంది చూడు, దాన్ని బట్టే పట్టుకున్నా. ఆ ఒక్కటే కడిగా. రెండోదాని మీద నీటిబొట్టు కూడా పడకుండా గుడ్డ కప్పి చేశా అల్లుడూ. అది నీ అన్నం పేజీ కదా."